పద్దెనిమిదో శతాబ్దపు చర్చి పట్టు వస్త్రాన్ని చూడటం, దాచడం ఎలా

మ్యూజియంలో అద్దం వెనక ఒక పూల పట్టు వస్త్రం ఉంటుంది, కింద చిన్న అక్షరాలతో "చాజుబుల్, ఫ్రాన్స్, పద్దెనిమిదో శతాబ్దం" అని రాసి ఉంటుంది. మనం ఒక నిమిషం చూసి, అబ్బ ఎంత పనితనం అనుకుని పక్క గదిలోకి వెళ్లిపోతాం. నేనూ చాలాసార్లు అలాగే వెళ్లిపోయాను. ఒకసారి మాత్రం అలాంటి వస్త్రం మీద, భుజానికి దగ్గర్లో, ఒక్క పువ్వు తలకిందులుగా కనబడింది. మిగతా పూలన్నీ పైకి చూస్తుంటే ఇదొక్కటే కిందికి ఎందుకు చూస్తోందని అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. జవాబు అతుకుల్లో దొరికింది. అప్పటినుంచి ఈ వస్త్రాలను నేను ముందు అతుకుల దగ్గరే చూస్తాను. మీరూ అలా చూడాలని, మీ విచారణ (పారిష్) గుడి బీరువాలో ఇలాంటి పాత వస్త్రం ఏదైనా ఉంటే దాన్ని పాడుచేయకుండా కాపాడాలని ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. చాజుబుల్ అంటే దివ్యబలి పూజ చేసేటప్పుడు ఫాదర్‌గారు అన్నిటికన్నా పైన వేసుకునే చేతులు లేని వస్త్రం. లాటిన్‌లో కాసులా, అంటే చిన్న ఇల్లు, అన్న మాట నుంచి ఈ పేరు వచ్చింది. ఆ రోజుల్లో దీన్ని సెట్‌గా కుట్టించేవారు. మెడలో వేసుకునే పొడవాటి స్టోల్, ఎడమ ముంజేతికి వేలాడే మానిపుల్, పానపాత్ర మీద కప్పే గుడ్డ, చిన్న బట్ట సంచి, ఇవన్నీ అదే పట్టుతో ఉండేవి. పూజలో ఫాదర్‌గారికి సాయపడే డీకన్ వేసుకునే చేతుల చొక్కాను డాల్మాటిక్ అంటారు. ఊరేగింపుల్లో వేసుకునే పెద్ద శాలువా లాంటిది కోప్. మానిపుల్ ఇప్పటి పూజల్లో మీకు దాదాపు కనబడదు, 1967 తర్వాత అది తప్పనిసరి కాకుండా పోయింది.

ముందు వెనక్కి వెళ్లండి

నిజంగానే వస్త్రం వెనక వైపుకు వెళ్లండి. ఆ కాలంలో పూజ ఎక్కువ భాగం ఫాదర్‌గారు బలిపీఠం వైపు తిరిగి చేసేవారు, అంటే జనానికి కనబడేది ఆయన వీపే. అందుకే మంచి కుట్టుపని, ఎక్కువ బంగారం వీపు మీదే ఉంటాయి. చాలా మ్యూజియాలు వెనక వైపునే బయటికి పెట్టి చూపించడానికి కారణం కూడా ఇదే.

ఇప్పుడు ఆకారం చూడండి. వెనక ముక్క నిటారుగా, పలకలా ఉంటుంది. ముందు ముక్క మాత్రం చేతుల దగ్గర లోపలికి కోసి ఉంటుంది, వయొలిన్ నడుములాగా. పాత చాజుబుల్ ఒళ్లంతా కప్పే గుండ్రటి వస్త్రం, చేతులు ఎత్తితే బట్టంతా చేతుల మీద మడతలు పడేది. పట్టు బరువెక్కి, దాని మీద జరీ కూడా పడి గట్టి అట్టలా తయారయ్యాక ఆ మడతలు కుదరవు కదా, అందుకని శతాబ్దాల పాటు పక్కలు కోసుకుంటూ వచ్చి చివరికి ఈ ఆకారానికి తెచ్చారు.

వీపు మీద జరీ పట్టీ ఎలా కుట్టారో చూస్తే ఏ దేశపు తీరో కొంత తెలుస్తుంది. పెద్ద సిలువ ఆకారంలో ఉంటే ఫ్రెంచి తీరు. మధ్యలో నిలువు స్తంభంలా ఒకే పట్టీ ఉంటే ఇటలీ తీరు, అప్పుడు సిలువ గుర్తు ముందు వైపు ఉండటం మామూలు. అడుగు భాగం బేరిపండులా వెడల్పయితే స్పెయిన్ వైపు చూడండి. ఇది నూటికి నూరుపాళ్లూ నిజమవ్వాలని లేదు, వస్త్రాలు ఊళ్లు మారాయి, కుట్టేవాళ్లూ మారారు. మొదటి అంచనాకు మాత్రం పనికొస్తుంది.

రంగు గురించి రెండు మాటలు చాలు. 1570 నాటి రోమన్ పూజా గ్రంథం ఐదు రంగులు చెప్పింది. క్రీస్తు జయంతికి, పాస్కాకు (ఈస్టర్), మరియమాత పండుగలకు తెలుపు, పెంతెకోస్తుకు, వేదసాక్షుల పండుగలకు ఎరుపు, తపస్కాలానికి, ఆగమన కాలానికి ఊదా, మృతుల పూజకు నలుపు, మిగతా రోజులకు ఆకుపచ్చ. పూల పట్టు మీద ఇరవై రంగులు కనబడినా కంగారు పడకండి, నేల రంగు, అంటే పూల వెనక ఉన్న బట్ట రంగు ఏదో చూడండి, లెక్కలోకి వచ్చేది అదే. నల్లవి మంచి స్థితిలో తక్కువగా కనబడతాయి, ఎందుకంటే నల్ల రంగు అద్దకంలో వాడే ఇనుము పట్టును లోపలినుంచి తినేస్తుంది. రంగురంగుల కుట్టుపనిలో కూడా నల్ల గీతలు, ముదురు గోధుమ గీతలు మాత్రమే రాలిపోయి కింద బట్ట బయటపడిందంటే అదే కారణం.

అతుకులు లెక్కపెట్టండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో పట్టు నేతకు పేరున్న లియోన్ నగరంలో ఆ కాలపు పట్టు పన్నా సుమారు 54 సెంటీమీటర్లు, లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ మగ్గాల పట్టు సుమారు 50 సెంటీమీటర్లు. మన చీర పన్నాలో సగం కన్నా తక్కువ. చాజుబుల్ వెనక భాగం అంతకన్నా వెడల్పు, కాబట్టి మధ్య ముక్కకు రెండు పక్కలా ముక్కలు కలపక తప్పదు. ఆ రెండు నిలువు అతుకులు సహజం, వాటినే దాస్తూ జరీ లేసు పట్టీ వేస్తారు. మీరు వెతకాల్సింది ఆ పట్టీ కింద లేని అతుకుల్ని. భుజం మూలలో అరచేతి అంత ముక్క, అడుగు అంచులో ఒక త్రికోణం, పక్కన సన్నటి చీలిక, ఇలాంటివి. కొన్నిటిని ఎంత జాగ్రత్తగా కలిపారంటే పువ్వులో సగం ఒక ముక్కది, సగం ఇంకో ముక్కది అయినా దూరం నుంచి తెలియదు. కొన్నిటిని తొందరలో కలిపేశారు, అక్కడే పువ్వు తలకిందులవుతుంది.

ఎందుకిన్ని ముక్కలు? అప్పట్లో కుట్టు కూలి చవక, పట్టు ఖరీదు. పూల బ్రొకేడ్ పట్టు నేయడం రోజుకు కొన్ని అంగుళాల లెక్కన సాగే పని. ఒక గౌనుకు వాడిన పట్టు పాతబడినా, ఫ్యాషన్ మారినా పారేసేవారు కాదు. గొప్పింటి స్త్రీలు తమ గౌన్లను గుడికి ఇచ్చేవారు, వాటిని విప్పి చాజుబుల్ కుట్టేవారు. అమ్మమ్మ పట్టుచీరను విప్పి మనవరాలికి లంగా కుట్టించినట్టే.

గౌను పట్టు అని పట్టుకోవాలంటే మూడు గుర్తులు చూడండి. పాత కుట్టు రంధ్రాలు, అంటే ఇప్పుడు ఏ దారమూ లేకుండా వరసగా కనబడే సన్నటి చుక్కలు. పాత కుచ్చు గీతలు, అంటే మడత పడ్డ చోట బట్ట కాస్త మెరుపు తగ్గి లేదా రంగు నిలిచి కనబడే నిలువు చారలు. మూడోది, ఇప్పటి ఆకారంతో సంబంధం లేని వంపు అతుకు, చంక దగ్గరో నడుము దగ్గరో కోసినట్టుండేది. ఈ మూడింట్లో రెండు దొరికితే నేను గౌను అనే అనుకుంటాను. ఉత్త ముక్కలు మాత్రమే ఉంటే అలా చెప్పేయకండి, కొత్త పట్టు కొన్నవాళ్లు కూడా ఒక్క చెయ్యంత ముక్క వృథా కానివ్వలేదు.

ఇంకో సంగతి. పట్టు మీద సిలువ గానీ దేవదూత గానీ లేకుండా ఉత్త గులాబీలు, దానిమ్మలు, రిబ్బన్లు ఉంటే "ఇది చర్చి వస్త్రమేనా" అని అనుమానపడే వాళ్లను చూశాను. లియోన్‌లో ఒకే పట్టు రాణివాసానికీ వెళ్లింది, గుడికీ వెళ్లింది. పూజకు పనికొచ్చేలా చేసింది ఆకారం, జరీ పట్టీ, ఆశీర్వాదం.

పట్టు వయసు, వస్త్రం వయసు వేరువేరుగా చూడండి

డిజైన్ చూసి పట్టు కాలాన్ని దగ్గరగా చెప్పవచ్చు. ఏ పండో ఏ ఆకో తెలియని వింత ఆకారాలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా పాకుతుంటే 1695 నుంచి 1720 మధ్య, వీటిని బిజార్ పట్టు అంటారు. లేసు అల్లికను పోలిన జాలీ మధ్యలో పూలు ఉంటే 1720ల వైపు. నిజమైన పండూ పువ్వూ నీడలతో సహా ఉబ్బి కనబడితే 1730ల వైపు. లియోన్‌లో జాన్ రెవెల్ పేరుతో చెప్పుకునే పద్ధతి అది. ఒక రంగు పేక దారాలు (అడ్డంగా నేసే దారాలు) పక్క రంగులోకి పళ్లలా చొచ్చుకుపోవడం వల్ల నీడ మెత్తగా పడుతుంది. 1750, 60లలో పూల తీగలు, రిబ్బన్లు, లేసు పట్టీలు పాములా మెలికలు తిరుగుతాయి. 1770ల తర్వాత ఆ మెలికలు నిటారై సన్న చారలవుతాయి, పూలు చిన్నవైపోతాయి.

అయితే 1735 నాటి పట్టు గౌనుగా ఇరవై ఏళ్లు తిరిగి 1760లో చాజుబుల్ అయ్యుండవచ్చు. అందుకే నోట్సులో రెండు వరుసలు రాసుకోండి, పట్టు ఎప్పటిది, కుట్టు ఎప్పటిది. ఎక్కడైనా కుట్టుమిషన్ కుట్టు కనబడితే ఆ చోటు వరకు అది పంతొమ్మిదో శతాబ్దం నడిమి తర్వాత జరిగిన రిపేరు.

నేత పువ్వా, సూది పువ్వా?

దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. దగ్గరికి వెళ్లి అతుకు దగ్గర చూడండి. అతుకు పువ్వును కోసేసిందంటే ఎక్కువగా అది నేసిన పువ్వు. పువ్వు అతుకును దాటి హాయిగా అవతలి ముక్క మీదికి పోయిందంటే అది సూదితో కుట్టింది, ముక్కలు కలిపాకే కుట్టారు. తర్వాత అదే పువ్వు ఇంకో చోట ఉందేమో వెతకండి. నేతలో రెండూ అచ్చుగుద్దినట్టుంటాయి, సూదిపనిలో ఒక రేకు కాస్త లావుగా, ఒక ఆకు కాస్త వంకరగా ఉంటుంది. ఇంకా బలమైన గుర్తు ఏమిటంటే, వస్త్రం ఆకారానికే కుట్టించిన ఎంబ్రాయిడరీలో తీగ అడుగు మధ్య నుంచి పుట్టి, మెడ దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా సర్దుకుంటుంది. కోసిన పువ్వు ఒక్కటీ ఉండదు.

ఈ పని ఎలా చేసేవారో మన మగ్గం వర్క్ చూసినవాళ్లకు చెప్పడం తేలిక. బట్టను చెక్క చట్రానికి బిగించేవారు. కాగితం మీద బొమ్మ గీసి గీతల వెంట సూదితో చిల్లులు పెట్టి, బట్ట మీద పరిచి, పొడి అద్ది బొమ్మ దించేవారు. ఫ్రాన్స్ రాజు దగ్గర డిజైనరుగా పనిచేసిన షార్ల్ జెర్మాన్ ద సెంతోబాన్ 1770లో ఎంబ్రాయిడరీ కళ మీద రాసిన పుస్తకంలో ఈ పనులన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. ఇవాళ హైదరాబాద్‌లో బ్లౌజు మగ్గం మీద ట్రేసింగ్ పేపరుకు చిల్లులు పెట్టి డిజైన్ దించేవాళ్లు చేస్తున్నదీ దాదాపు అదే పని.

రంగుల పువ్వుల్లో చిన్నా పెద్దా కుట్లు ఒకదానిలోకి ఒకటి దూరుతూ, రంగు ముదురు నుంచి లేతకు జారుతూ వెళ్తుంది. ఎక్కడైనా గొలుసు కుట్టు చాలా సన్నగా, చాలా సమానంగా కనబడితే అది కొక్కెం సూది పని కావచ్చు. ఆసియా నుంచి ఆ పద్ధతి యూరప్‌కు చేరి 1760ల నుంచి బాగా పాకింది. మన ఆరీ సూది పనే అది. ఒక ఫ్రెంచి పట్టు మీద ఆ గొలుసును గుర్తుపట్టిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

బంగారాన్ని ఓపికగా చూడండి

ఫోన్‌లో ఫ్లాష్ ఆపేసి, జూమ్ చేసి చూడండి, లేదా చిన్న భూతద్దం పట్టుకెళ్లండి. బంగారు దారం అంటే చాలావరకు బంగారు పూత పూసిన వెండి, దాన్ని సన్నటి రేకుగా కొట్టి పట్టుదారం చుట్టూ చుడతారు. మన అసలైన జరీ లాంటిదే. లోపలి పట్టుదారం పసుపుగా ఉంటే బంగారం కోసం, తెల్లగా ఉంటే వెండి కోసం. పూత పోయి అంతా నల్లబడినా, రేకు విడిపోయిన చోట లోపలి దారం రంగు చూసి మొదట అది ఏమిటో ఊహించవచ్చు.

ఈ దారాన్ని సూదిలో ఎక్కించి బట్టలోంచి లాగరు. లాగితే రేకు ఊడిపోతుంది, పట్టు చిరుగుతుంది, పైగా బట్ట వెనక వైపు బంగారం దండగ. కాబట్టి పైన పరిచి, సన్నటి పట్టుదారంతో అక్కడక్కడా కట్టేస్తారు. ఆ కట్టే కుట్ల వరసే అల్లిక డిజైన్‌ను పుట్టిస్తుంది, ఒకచోట ఇటుకల వరసలా, ఒకచోట చాప అల్లికలా. ఉబ్బెత్తుగా ఉన్న ఆకుల కింద దారం కట్టో, పార్చ్‌మెంట్ (రాతకు వాడే పల్చటి తోలు) ముక్కో, అట్టో ఉంటుంది. స్ప్రింగులా చుట్టిన తీగ ముక్కలు కనబడతాయి, మన జర్దోసీలో దబ్కా లాంటివి.

చమ్కీలను తప్పకుండా చూడండి. ఆ కాలపు చమ్కీని చిన్న తీగ రింగును సుత్తితో చదును చేసి తయారుచేసేవారు, అందుకని దాని అంచులో వెంట్రుకంత చీలిక ఉంటుంది. రేకు నుంచి అచ్చుతో కొట్టి తీసిన చమ్కీకి ఆ చీలిక ఉండదు. ఆ చిన్న గీత దొరికితే చాలాసార్లు ప్రశ్న తేలిపోతుంది.

పువ్వుల చుట్టూ దట్టమైన దారం హద్దు కట్టినట్టు వరసగా కుట్టి ఉండి, నేల పట్టు మాత్రం చెక్కుచెదరకుండా కొత్తగా ఉంటే, ఆ పువ్వుల్ని పాత బట్ట నుంచి కత్తిరించి కొత్త పట్టు మీద అతికించారన్నమాట. ఇది చాలా మామూలుగా జరిగింది. అలా మార్చిన వస్త్రాన్ని తక్కువగా చూడకండి, లేకపోతే ఆ సూదిపని మన దాకా వచ్చేదే కాదు. ఫ్రెంచి విప్లవ కాలంలో, ముఖ్యంగా 1793 ప్రాంతంలో, ఎన్నో వస్త్రాల్ని కేవలం వాటిలో ఉన్న వెండి బంగారాల కోసం తగలబెట్టి లోహం తీసుకున్నారు. ఇప్పుడు మనం చూస్తున్నవి ఆ మంటలకు చిక్కనివి.

ఇక అరుగుదల చూడండి. ముందు వైపు, పొట్ట ఎత్తున అడ్డంగా అరిగి ఉంటే అది బలిపీఠం అంచు రాసుకున్న చోటు. మైనం చుక్కలు కొవ్వొత్తులవి. మెడ దగ్గర మరక చెమట. ఇవి మచ్చలే గానీ, ఈ వస్త్రంలో ఎవరో ఏళ్ల తరబడి పూజ చేశారనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఉండదు.

మీ చేతిలో ఉంటే

ఇది అన్నిటికన్నా జాగ్రత్తగా చదవండి. ఒక చోట పాత జరీ వస్త్రాన్ని పండుగకు మెరిపించాలని చింతపండుతో రుద్దడం చూశాను. మెరుపు ఒక్కరోజు వచ్చింది, తర్వాత పచ్చగా మరకలు దిగాయి, కట్టిన కుట్లు తెగి జరీ వేలాడింది. చేసినవాళ్లు ప్రేమతోనే చేశారు, అందుకే ఇంకా బాధ.

ఉతకవద్దు, డ్రై క్లీనింగ్‌కు ఇవ్వవద్దు, ఇస్త్రీ చేయవద్దు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్, వెండి పాలిష్ ఏదీ దగ్గరికి రానివ్వవద్దు. నల్లబడటం అంటే వెండి గాలిలోని గంధకంతో కలవడం. దాన్ని రుద్దితే నలుపుతో పాటు పల్చటి బంగారు పూత కూడా పోతుంది.

హ్యాంగరుకు వేయకండి. జరీ బరువంతా భుజాల దగ్గర పట్టు మీద పడి, ఏదో ఒక రోజు అక్కడ చీలుతుంది. వీలైతే పూర్తిగా చదునుగా, పెద్ద సొరుగులోనో పెట్టెలోనో పడుకోబెట్టండి. రంగు లేని, గంజి లేని, బాగా ఉతికి ఆరబెట్టిన మల్లు గుడ్డ కింద పరచండి, పైన కప్పండి. ఆమ్లం లేని టిష్యూ పేపర్ దొరికితే అది మరీ మంచిది. వార్తాపత్రికలు వద్దు, ప్లాస్టిక్ కవర్లు వద్దు, మన వాతావరణంలో లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. చోటు చాలక మడవాల్సి వస్తే మడత లోపల టిష్యూను లావుగా చుట్టి దిండులా పెట్టండి, మడత గీత పదునుగా పడకుండా. పట్టుచీరలను కొన్ని నెలలకోసారి మడతలు మార్చే అలవాటు మన ఇళ్లలో ఉంది కదా, ఆ తెలివే ఇక్కడా, కాకపోతే ఈ బట్ట చీరలా వంగదు, బలవంతం చేస్తే విరుగుతుంది.

ముట్టుకునే ముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి, చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. భుజాల దగ్గర పట్టుకుని లేపకండి. కింద అట్ట దూర్చి, ఇద్దరు కలిసి అట్టతో సహా మోయండి. నాఫ్తలీన్ ఉండలు బట్టకు తగిలేలా పెట్టవద్దు, వేపాకు కూడా బట్ట మీద నేరుగా వేయవద్దు, ఎండాక పొడై మరకవుతుంది. దానికన్నా నెలకోసారి తెరిచి టార్చితో అతుకుల్లో పురుగు పొట్టు ఉందేమో చూడటం మేలు. పురుగు కనబడితే ఆ ఒక్కదాన్నీ మిగతావాటి నుంచి వేరుచేసి నిపుణులకు చూపించండి. వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థకు మన దేశంలో ఇలాంటి వస్తువులను బాగుచేసే కేంద్రాలు ఉన్నాయి.

ప్రదర్శనకు పెడితే ఎండ పడని చోట, 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించని వెలుతురులో, కొన్ని వారాలు మాత్రమే పెట్టండి. వెలుగు తిన్న రంగు ఇక తిరిగి రాదు. ఎంత వెలిసిందో తెలియాలంటే అస్తరు కింద, అతుకు లోపల దాగి ఉన్న అంచు చూడండి, పాత రంగు అక్కడ ఇంకా ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇవి చాలా ఉన్నాయి, ఆ ఊళ్లలో ఉన్న మన తెలుగువాళ్లు ఒక ఆదివారం కేటాయించవచ్చు. ఇండియాలోనే చూడాలంటే ఓల్డ్ గోవాలో శాంతా మోనికా కాన్వెంట్‌లో క్రైస్తవ కళా మ్యూజియం ఉంది. వెళ్లలేకపోతే మెట్రోపాలిటన్ వెబ్‌సైట్‌లో చాజుబుల్ (chasuble) అని వెతకండి, 2017 నుంచి కాపీరైట్ లేని వస్తువుల ఫొటోలను వాళ్లు అందరికీ ఉచితంగా ఇస్తున్నారు. ఒక ఫొటో తీసుకుని పూర్తిగా పెద్దది చేసి, కాగితం మీద వస్త్రం ఆకారం గీసి, కనబడిన ప్రతి అతుకునూ గీతతో గుర్తుపెట్టండి, ప్రతి ముక్కలో పువ్వు ఎటు చూస్తోందో బాణం వేయండి. అరగంట పని.

మీ గుడి బీరువాలో ఉన్నదానికీ ఇదే పటం గీయండి, ముందూ వెనకా ఫొటోలు తీయండి. అస్తరు చిరిగింది, మార్చేద్దాం అని ఎవరైనా అంటే ఒక్కరోజు ఆపమనండి. అస్తరు విప్పిన ఆ కొద్ది గంటల్లోనే పట్టు వెనక వైపు, వెలుగు తగలని రంగులు, పాత కుట్టు రంధ్రాలు, గౌను కుచ్చు గీతలు అన్నీ ఒకేసారి కనబడతాయి. ఫొటోలు అప్పుడే తీయండి, తీసేసిన అస్తరును కూడా పారేయకుండా మడిచి అదే పెట్టెలో పెట్టండి.